బస్తాకి ఓపికున్న ఇల్లు

మూడో అంతస్తులో కూతురి వాటా. కుక్కల షెల్టర్‌లో వంట చేసే తల్లి పొయ్యి ఆర్పీ ఆర్పకుండా అటే వచ్చేసి, లోపలినుంచి గడియ పెట్టేసింది. గంగాళం కలిపే ఇనప గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఎదురుగా అల్లుడు, మంచం కింద కుక్క.

"ముందా గరిటె కింద పెట్టండి అత్తయ్యా. కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చోడానికి రాలేదు నేను. నువ్వక్కడే నిలబడు. అడుగు ముందుకు పడిందో, నెత్తి రెండు చెక్కలవుతుంది."

"కదలట్లేదు. మీరలా ఊపుతుంటే మంచం కింద వాడు వణుకుతున్నాడు, అందుకని చెప్తున్నా."

"వాడి వణుకు గురించి నువ్వు నాకు చెప్పాలా? బస్తా అని పేరు పెట్టిందే నేను. షెల్టర్‌కి తెచ్చినరోజు గోనెసంచి విసిరేసినట్టు మూలన పడ్డాడు, ఇక లేస్తే ఒట్టు. దూడంత కుక్క, పిల్లి ఎదురైతే ఉచ్చ పోసుకునేవాడు. వీపంతా వేడినీళ్ళు పోసిన మచ్చలు. మెడలో గొలుసు మాంసంలోకి దిగిపోతే డాక్టరమ్మ కోసి తీసింది. వంటయ్యాక రోజూ వాడి పక్కన చతికిలబడి, వాడివైపు చూడకుండా వాడితో మాట్లాడీ మాట్లాడీ మనిషిని చేశాను."

"మనిషినా?"

"కుక్కనే. నా మాటలు పట్టుకోకు."

"తెలుసత్తయ్యా. మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఎదురుగా కూర్చోను, పక్కన కూర్చుంటాను. తల మీద చెయ్యి వెయ్యను, గడ్డం కిందనుంచి పెడతాను. పేరు పెట్టి పిలిచి ఊరుకుంటాను, వాడే వస్తాడు."

"అంత బాగా చూసుకుంటుంటే పొద్దున్నే ఇన్‌చార్జి సార్‌కి ఫోన్ ఎందుకు చేశావు? నాకో మాట చెప్పాలని లేదా? పొయ్యి దగ్గరున్నదాన్ని పిలిచి, మీ అల్లుడు కుక్కని వెనక్కి తీసుకుపొమ్మంటున్నాడమ్మా అన్నాడాయన. అందరూ విన్నారు. తల ఎక్కడ పెట్టుకోను?"

"వెనక్కి అనలేదు. వేరే ఇల్లు చూడమన్నాను. ఓపికున్న ఇల్లు, గొడవల్లేని ఇల్లు."

"ఈ ఇంట్లో ఏం గొడవ?"

"ఏం లేదు. చోటు చాలట్లేదు. కుక్క పెద్దది కదా."

"తెచ్చుకున్నప్పుడు చిన్నదా? నువ్వు పెంచి పెద్ద చేశావా?"

"అది కాదు..."

"ఏది కాదు? చోటు కాదా, పెద్దది కాదా? సరిగ్గా చెప్పు."

"వాడికి ఇక్కడ బాగుండదత్తయ్యా. అంతే. ఇంకేం అడక్కండి."

"అడుగుతా. వెనక్కొస్తే వాడికి ఏమవుతుందో తెలుసా నీకు? ఇప్పటికే రెండిళ్ళవాళ్ళు పంపేశారు. ఒకళ్ళు తిండి దండగన్నారు, ఒకళ్ళు పిరికి కుక్క మాకెందుకన్నారు. మూడోసారి వస్తే షెల్టర్‌లో చోటుండదు, సూదే. ఆ సూది వేసేటప్పుడు తల ఎవరో ఒకళ్ళు పట్టుకోవాలి. నన్నే పిలుస్తారు. నా చెయ్యి అలవాటని, కొట్టుకోకుండా పోతాయని. పోయినసారి ఒకటి నా ముఖం నాకుతూ నాకుతూ పోయింది. ఆ నాలుక తడి ఆరకముందే వెళ్ళి గంగాళం కడిగాను."

"అందుకే కదా వేరే ఇల్లు చూడమంటున్నది. సూది అనలేదు నేను."

"వేరే ఇల్లు చెట్టుకి కాస్తుందా? సరే, ఇది చెప్పు. వాడిని ఈ ఇంట్లో నేనెందుకు పెట్టానో తెలుసా?"

"మీ అమ్మాయికి తోడుగా ఉంటాడన్నారు."

"అబద్ధం. నీ మీద కన్నేసి ఉంచడానికి పెట్టాను."

"నా మీదా?"

"కింద వాటా ఆవిడ నాకు ఫోన్ చేసింది. సాయంత్రమైతే మీ అమ్మాయింట్లో సామాన్లు పగులుతున్నాయమ్మా, ఎవర్నో గోడకేసి కొడుతున్నట్టు చప్పుడొస్తోందమ్మా అంది. ఆ రోజునుంచీ నా గొంతులో మెతుకు దిగితే ఒట్టు. పేపర్లో చూడట్లేదా నేను? స్టవ్ పేలిందంటారు, మేడమీంచి జారిందంటారు, స్నానాలగదిలో కాలు జారిందంటారు. నా కూతురి ఫోటో ఆ పేజీలో చూసుకోవాలేమోనని పొద్దున్నే పేపరు ముట్టడం మానేశాను."

"తనని అడగాల్సింది."

"అడగలేదనుకుంటున్నావా? ఏం లేదమ్మా అంటుంది. ఆడపిల్ల ఏ తల్లికి చెప్తుంది? అందుకని బస్తాని పెట్టాను. మనుషులు దాస్తారు, భయస్తుడైన కుక్క దాచలేదు. కొట్టేవాడున్న ఇంట్లో వారం తిరిగేసరికి వాడి ఒళ్ళే చెప్పేస్తుంది. ఇప్పుడు చూడు, మంచం కిందనుంచి ముక్కు కూడా బయటపెట్టట్లేదు. చెప్తున్నాడా లేదా?"

"చెప్తున్నాడు."

"ఒప్పుకున్నావు."

"నేనేం ఒప్పుకోలేదు. వాడు భయపడుతున్నాడన్నాను."

"ఎవర్ని చూసి? గోడని చూసా? ఆ ఎడమచెయ్యి వెనక్కి ఎందుకు పెట్టావు? ముందుకి తీసుకురా."

"ఏం లేదు."

"చొక్కా చెయ్యి మడువు."

"అత్తయ్యా, వదిలెయ్యండి."

"మడుస్తావా, నన్ను చింపమంటావా?"

"సరే. ఇదిగో."

"అయ్యయ్యో. ఇంత వాచిపోయిందేంటి? చీము పట్టేలా ఉంది. ఎవరు కట్టారీ కట్టు, ఇలాగేనా కట్టేది? ఏమైంది?"

"కుక్క..."

"బస్తా కరిచాడా?"

"ఊఁ."

"ఆలోచించుకుని చెప్పు. నువ్వు ఊఁ అన్నావంటే ఇక వెనక్కి తీసుకెళ్ళడాలూ వేరే ఇళ్ళు చూడడాలూ ఉండవు. కరిచే కుక్కని ఇన్‌చార్జి సార్ బండి కూడా ఎక్కించడు. సూది పట్టుకుని ఇక్కడికే వస్తారు. ఈ మంచం కిందే పని అయిపోతుంది. గోనెసంచిలో వేసుకుపోతారు. కరిచాడా?"

"లేదు."

"గట్టిగా."

"కరవలేదు. వాడు నన్ను పంటితో తాకనైనా తాకలేదు. వాడి మీద చెప్పకండి. నోరు జారింది."

"మరి ఇదేంటి? ఇటు వెలుతురులోకి రా. కుక్క కాట్లు ఎన్ని కడిగానో నా ఈ చేతుల్తో. కుక్క కరిస్తే కోరలు దిగుతాయి, గుంటలు పడతాయి, లాగితే చీరుకుపోతుంది. ఇది గుండ్రంగా ఉంది. పైన ఒక వరస, కింద ఒక వరస. ఇవి మనిషి పళ్ళు. ఇవి నా కూతురి పళ్ళు. అంటే అది కొరికితే తప్ప నువ్వు వదలని పని ఏదో చేశావు. గొంతు పట్టుకున్నావు కదూ? నోరు మూశావా? ఊపిరాడక కొరికిందా? దాని నోట్లో చెయ్యి పెట్టి కుక్కావా, చెప్పు, నా బంగారుతల్లి నోట్లో..."

"కాదు. అలా కాదత్తయ్యా, ఆగండి, అత్తయ్యా... అబ్బా."

"ఇదొకటి. ఇంకోటి తిను."

"అబ్బా. తల మీద వద్దు. కళ్ళజోడు ఇప్పుడే అతికించాను. భుజం మీద కొట్టండి."

"చెయ్యెత్తు. ఏం, మగాడివి కాదా? ఆడదాన్నయితే కొడతావు, అత్తని కొట్టలేవా? ఎత్తు చెయ్యి. నువ్వు ఎత్తితే నేను కేకేస్తా, ఈ మెట్లన్నీ జనంతో నిండిపోవాలి ఇవాళ."

"ఎత్తను."

"ఎత్తవా? ఇంకోటి..."

"అత్తయ్యా, కదలకండి. చెయ్యి అలాగే ఉంచండి. వాడు బయటికొచ్చాడు."

"ఎవరు?"

"బస్తా. నా కాళ్ళ దగ్గరున్నాడు. మెల్లగా గరిటె దించండి. వాడి కళ్ళల్లోకి చూడకండి."

"బస్తా. ఏంట్రా ఇది? ఆ పళ్ళేంటి, నాకు చూపిస్తున్నావా? నేనురా. నీకు అన్నం పెట్టినదాన్నిరా."

"మీ మీద కోపం కాదు. గరిటె మీద."

"దించాను. ఇదిగో, కింద పెట్టేశాను. ఇటు రారా నాన్నా. ఇటు... రావట్లేదేంటి?"

"వస్తాడు. కాసేపాగి."

"వీడు నీ ముందు నిలబడ్డాడు."

"అవును."

"వీడు ఎవరి ముందూ నిలబడే రకం కాదు. మనిషి వెనక దూరే రకం. షెల్టర్‌లో నా మీదకి వేరే కుక్క ఎగబడితే వీడు వెళ్ళి బొగ్గుల గదిలో దాక్కున్నాడు. నీ ముందు ఎందుకు నిలబడ్డాడు?"

"నాకేం తెలుసు? అన్నం నేను పెడతాను కదా."

"నేనూ పెట్టాను. కాదు, కాదు. నాకేదో అంతుపట్టట్లేదు. మా దగ్గర ఒక పద్ధతుంది. కుక్కని ఇచ్చేముందు ఇల్లు చూడ్డానికెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళని మామూలు పనులు చేసుకోమంటాం. ఒకళ్ళు చీపురు పడతారు, ఒకళ్ళు తలుపు వేస్తారు. మేం మనుషులవైపు చూడం, నటిస్తారు కాబట్టి. కుక్కవైపే చూస్తాం. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. బెల్టు తియ్యి."

"ఏంటి?"

"బెల్టు. నీ ప్యాంటు ఊడిపోతే నేను కళ్ళు మూసుకుంటాలే. తియ్యి."

"ఇదిగో."

"చేతికి చుట్టు. గాల్లో ఝాడించు. ఇంకా గట్టిగా."

"చాలా?"

"కదలడేంటి? తోక కూడా ముడవలేదు. సరే, ఆ వంటింటి తలుపు ధడాల్న వెయ్యి."

"వాడికి చప్పుడు పడదత్తయ్యా."

"వెయ్యమన్నాను."

"ఇదిగో, వేశాను."

"చెవులు లేచాయి. అంతే. నీవైపు చూసి మళ్ళీ పడుకున్నాడు. సరే, గట్టిగా కేకలెయ్యి. నన్ను తిట్టు."

"మిమ్మల్నా?"

"మనసులో తిట్టుకునేవే కదా, బయటికి తిట్టు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాళ్ళకి తిట్లు రావా?"

"ముసలి... ముసలి గయ్యాళీ."

"ఇదీ ఒక తిట్టేనా? కుక్క ఆవలించింది. సరే, ఆ బల్ల మీద ఇస్త్రీపెట్టె తీసుకో."

"అది వద్దు."

"ఎందుకు?"

"వద్దన్నాను కదా. ఇంకేదైనా చెప్పండి. బెల్టు మళ్ళీ ఝాడిస్తాను, కుర్చీ విసరమంటే విసురుతాను. అది మాత్రం ముట్టను."

"నువ్వు ముట్టకపోతే నేను ముడతా. తప్పుకో."

"అత్తయ్యా, అది ఎత్తకండి..."

"ఇదేంటి? బస్తా, బస్తా. ఏమైందిరా? నేలకి అతుక్కుపోయాడు. కళ్ళు తేలేశాడు. దీంతో కొట్టావా వాడిని?"

"కింద పెట్టండి. వాడికి కనబడకుండా పెట్టండి. ఏం లేదురా, ఏం లేదు. నేనున్నా."

"డొక్క మీద చెయ్యి వెయ్యనివ్వట్లేదు. పక్కటెముక విరిగిందా? దీంతో కొట్టావా?"

"నేను కాదు."

"ఇంట్లో ఉండేది ఇద్దరు. నువ్వు కాకపోతే దెయ్యం కొట్టిందా? మాట్లాడు. ఇద్దరే కదా ఉండేది. నువ్వు కాకపోతే... నువ్వు కాకపోతే మరెవరు?"

"ఫోన్ మోగుతోంది."

"మోగనీ. ఎవరు?"

"తనే."

"స్పీకర్ పెట్టు. నేనున్నానని చెప్పకు."

"వద్దత్తయ్యా. మీరు వినొద్దు."

"నేను వింటే నీకేం భయం? ఒక్క మాట వింటే చాలు, అది ఏడ్చిందో లేదో నాకు తెలిసిపోతుంది. పెట్టు."

"సరే... హలో."

"ఎంతసేపు ఎత్తడానికి? చచ్చావా?"

"లేదు. చెప్పు."

"చెప్పేదేంటి. దాన్ని పంపించేశావా?"

"ఇంకా లేదు. వాళ్ళు చూస్తామన్నారు..."

"చూస్తామన్నారేంటి? పొద్దున్న నీకేం చెప్పాను? నేను వచ్చేసరికి ఆ పీనుగు మంచం కింద ఉంటే ఈసారి ఇస్త్రీపెట్టె దానికి తగలదు, నీ మూతికి తగులుతుంది. వినబడుతోందా?"

"ఊఁ."

"చెయ్యి ఎలా ఉంది?"

"పర్లేదు."

"మందు రాసుకో. పొద్దున్నుంచీ నా చేతులాడలేదు, కౌంటర్‌లో అందరికీ తప్పు టికెట్లు ఇచ్చాను. నన్నెందుకురా అంత రెచ్చగొడతావు? సరే, బస్సు దిగాను. వస్తున్నా."

"పెట్టేసింది అత్తయ్యా. మంచినీళ్ళు తాగుతారా?"

"నేల తడిసింది."

"తుడుస్తాను. తన గొంతు వింటే అంతే వాడు."

"గట్టిగా కూడా అరవలేదు. మామూలుగానే మాట్లాడింది."

"అలా మాట్లాడినప్పుడే వాడికి ఎక్కువ భయం. అరిచేటప్పుడు కొట్టదు. అరవడం ఆపాక కొడుతుంది. వాడు నాకంటే త్వరగా కనిపెట్టాడు."

"నోటి మాటలే అవి. అలిసిపోయి ఉంటుంది. నా కూతురు చీమని తొక్కడానికి కూడా..."

"మీ చిటికెనవేలు ఎందుకు వంకర తిరిగిందత్తయ్యా?"

"ఇదా? గడియలో పడింది."

"తనూ అదే చెప్పింది, అమ్మ వేలు గడియలో పడిందని. ఇదివరకోసారి మా షాపులో నా చెయ్యి చూసి అడిగితే నేనూ అదే చెప్పాను. అప్పటికప్పుడు ఇంకేం తోచలేదు."

"గడియలోనే పడింది. అప్పుడది చిన్నపిల్ల."

"గడియా?"

"నోర్ముయ్. కిందావిడ విన్న చప్పుడు?"

"నా తల. గోడకి. ఇంకోసారి నా బదులు అద్దం విసిరింది. అద్దం పగిలింది."

"తిరిగి ఒక్కటి తగిలించలేకపోయావా? ఇంత ఒళ్ళుంది."

"ఒక్కసారి నా చెయ్యి లేస్తే ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. మీరు భయపడిన పేపరు వార్త అప్పుడు నిజంగానే వస్తుంది."

"ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా. నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే నమ్మేవారా? గరిటె పట్టుకుని వచ్చారు. ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. పైగా తను చెడ్డది కాదత్తయ్యా. ఆ కాసేపే. తర్వాత పక్కన కూర్చుని ఏడుస్తుంది, తనే మందు రాస్తుంది, తనే అన్నం కలిపి పెడుతుంది. నాకు అలవాటైపోయింది. బస్తాకి మాత్రం ఆ కాసేపే తెలుసు, తర్వాత ఏడవడం అర్థం కాదు. నిన్న నన్ను కొరికినప్పుడు నేను అరిచాను. అరవకుండా ఉండాల్సింది. వాడు మంచం కిందనుంచి వచ్చి నాకూ తనకీ మధ్యలో దూరాడు. మొరగలేదు, ఏం చెయ్యలేదు, ఊరికే దూరాడు. తను ఇస్త్రీపెట్టె తీసింది."

"వేడిదా?"

"చల్లారుతోంది. వాడు ఏడవలేదత్తయ్యా. చప్పుడు చెయ్యకుండా దెబ్బ తినడం వాడికి తెలుసు. అది చూసి నాకు భయమేసింది. పొద్దున్నే ఫోన్ చేశాను, ఎలాగైనా వీడిని ఇక్కడినుంచి పంపించెయ్యాలని. ఎవరో ఒక ముసలాయన, ఒక్కడే ఉండేవాడు, దొరక్కపోతాడా అని. వెనక్కొస్తే సూది వేస్తారని మీరు చెప్పేదాకా నాకు తెలియదు."

"మెట్ల మీద అడుగులు."

"తనే. చూడండి, వాడు నా వెనక్కి వచ్చేశాడు."

"వాడిని పట్టుకుని కూర్చో. లేవకు. తలుపు నేను తీస్తా."

"అత్తయ్యా, నేను చెప్పానని అనకండి."

"ఏయ్, నేనొచ్చాను, తలుపు తియ్యి. గడియెందుకు పెట్టావు? వినబడట్లేదా, చెవుడొచ్చిందా? తియ్యరా. తంతే విరుగుతుంది ఇది."

"తీస్తున్నానే."

"అమ్మా, నువ్వా? ఎప్పుడొచ్చావు? వస్తున్నానని ఒక్క మాటన్నా చెప్పలేదేంటి? ముఖమేంటి అలా పీక్కుపోయింది, బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"నువ్వేంటి, అమ్మ నిలబడి ఉంటే నేల మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నావు? కుర్చీ కూడా వెయ్యలేదా? ఆ భుజానికేమైంది?"

"నేను కొట్టాను."

"నువ్వా? ఎందుకమ్మా?"

"పొరపాటున. కొట్టాల్సిన మనిషి అనుకున్నాను."

"అదేం మాట? ఏం చెప్పాడు నీకు? ఏం చెప్పావురా మా అమ్మకి?"

"నేనేం చెప్పలేదు."

"చెప్పలేదా? మరి ఆవిడ నావైపు అలా చూస్తుందేంటి? నా కన్నతల్లి దగ్గర కూర్చుని నా మీద..."

"ఆ చెంబు ఎందుకు తీశావు? కింద పెట్టు."

"నువ్వాగమ్మా. ఎంత మెత్తగా కనిపిస్తాడో అంత..."

"చెంబు కింద పెట్టమన్నాను."

"అంటే నాదే తప్పా? నీకేం తెలుసు? వీడు మాట్లాడడు. ఎంత అరిచినా మాట్లాడడు, గోడతో కాపురం చేస్తున్నట్టుంటుంది. ఒక్కసారి తిరిగి అరిస్తే నేను ఆగిపోదును."

"ఆగుతావా? నా కళ్ళల్లోకి చూసి చెప్పు. నేను తిరిగి అరిస్తే ఆగావా ఎప్పుడైనా?"

"పెట్టేశాను కదా చెంబు. చాలా? నాకిలా ఉండాలని ఉందా? అంతా ఇది వచ్చాకే. ఎప్పుడు చూసినా మంచం కిందనుంచి రెండు కళ్ళు, నేనేదో పీకలు కోసేదాన్నయినట్టు. ఇంటికి రావాలంటేనే ఒళ్ళు మండుతోంది. నిన్న కూడా అది మధ్యలో రాకపోతే ఏం జరిగేది కాదు."

"అది మధ్యలో రాకపోతే ఆ పెట్టె ఎవరికి తగిలేది?"

"అమ్మా, నాకు తలనొప్పిగా ఉంది. దీన్ని తీసుకెళ్ళడానికే కదా నువ్వొచ్చింది, తీసుకెళ్ళు. మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కకూడదది."

"అత్తయ్యా, షెల్టర్‌కి మాత్రం వద్దు. ఎవరైనా ఓపికున్నవాళ్ళు దొరికేదాకా మీ ఇంట్లోనే ఉంచుకోండి. వాడి తిండి నేను తెచ్చి ఇస్తాను. పక్కటెముకకి కట్టు కట్టించాలి."

"నువ్వు లేవకు బాబూ. వాడికి ఇల్లు దొరికింది."

"దొరికింది కదా, ఇంకేం? పద అమ్మా, కిందిదాకా నేనూ వస్తా, తీసుకెళ్ళిపో. అది పోతే అన్నీ సర్దుకుంటాయి."

"నేను తీసుకెళ్ళేది వాడిని కాదే. చెప్పులు విప్పకు."